యూఎస్‌బీ కన్వర్టర్ కొనే ముందు

దసరా ఆఫర్లు వస్తున్నాయి. కంప్యూటర్ పాటలను మంచి సిస్టమ్‌లో వినాలనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• మీ దగ్గర విడిగా డాక్ (DAC, డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే పరికరం) ఉందా? ఈ కన్వర్టర్, అంటే యూఎస్‌బీని ఎస్పీడిఫ్‌గా (S/PDIF, ఆడియో పరికరాల మధ్య డిజిటల్ సిగ్నల్ పంపే పద్ధతి) మార్చే పెట్టె, డిజిటల్ సిగ్నలే ఇస్తుంది. దాన్ని యాంప్లిఫైయర్ వెనక ఎరుపు, తెలుపు అనలాగ్ సాకెట్లకు కలిపితే పాట రాదు. నేను ఇక్కడే పొరబడి రెండోసారి డబ్బు పెట్టాను.

• కన్వర్టర్ వివరాల్లో అసింక్రనస్ అని ఉండాలి. అప్పుడు టైమింగ్‌ను కంప్యూటర్ కాదు, కన్వర్టర్‌లోని క్లాకే నడుపుతుంది.

• కన్వర్టర్ యూఎస్‌బీ ఆడియో క్లాస్ 1 (యూఎస్‌బీలో ఆడియో పంపే పాత ప్రమాణం) అయితే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. దాని తర్వాతి ప్రమాణం క్లాస్ 2కి విండోస్ 7లో డ్రైవర్ వేయాలి. విండోస్ 10లో 2017 నుంచి ఆ డ్రైవర్ ముందే ఉంటుంది. సీడీ పాటలకైతే 44.1 చాలు, టెన్షన్ వద్దు.

• స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తోందా? ఆప్టికల్ అవుట్ ఉన్నది తీసుకోండి. ఆ కేబుల్‌లో వెళ్లేది వెలుగే కాబట్టి గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ తీగల మధ్య కరెంటు తిరిగి హమ్ తెచ్చే చుట్టు) అక్కడ తెగిపోతుంది.