జీతం లెక్క – 3వ పాఠం: సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్ ఆఫర్ లెటర్ విప్పి చూడటం

పోయిన పాఠంలో మీ చివరి మూడు నెలల పేస్లిప్పులు ముందేసుకుని, బేసిక్ ఎంతో, పీఎఫ్ ఎంత కట్ అవుతోందో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టమన్నాను. చేసినవాళ్లకి ఈ పాఠం గంట పని. చేయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. ఈ విద్య చదివితే రాదు, కాగితం మీద పెన్ను పెడితేనే వస్తుంది.

సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఎంతిస్తారు? హైదరాబాద్ ఐటీ సేవల కంపెనీల్లో పన్నెండు, పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్ల దగ్గర పాతిక నుంచి నలభై లక్షల మధ్య ఏదో ఒక అంకె వినిపిస్తుంది. విదేశీ బ్యాంకులు, మందుల కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత కేంద్రాల్లో అంతకంటే పైకే ఉంటుంది. కానీ ఇలా వినిపించేదంతా పెళ్లిసంబంధాల్లో చెప్పే జీతం, అంటే సీటీసీ (మన మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు). ఇంటి ఈఎంఐ కట్టేది వేరే జీతం. ఈ రెండింటికీ మధ్య దూరం ఎంతో ముందు కొలుద్దాం. ఆ సీటీసీ అసలు అంత ఎందుకైందో తర్వాత చూద్దాం.

మూడు కుప్పలు

ఆఫర్ లెటర్ చేతికి రాగానే కళ్లంలో ధాన్యం పంచినట్టు మూడు కుప్పలు పెట్టండి. ఒకటి, నెలనెలా బ్యాంకులో పడేది. రెండు, వస్తే వచ్చేది. మూడు, మన పేరున ఉండి ఇప్పుడు మన చేతికి అందనిది. కాగితం మీద ఎన్ని రకాల అలవెన్సులు రాసినా ఈ మూడింట్లో ఒకదానికి చేరాల్సిందే.

లెక్క కోసం 36 లక్షల ఆఫర్ తీసుకుందాం. అందులో 15 శాతం వేరియబుల్ (పనితీరుని, కంపెనీ ఫలితాల్ని బట్టి మారే భాగం), అంటే 5,40,000. ఇది నేరుగా రెండో కుప్పకి. మిగిలింది 30,60,000. దీన్ని "ఫిక్స్‌డ్" అంటారు, అదంతా చేతికొస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు.

బేసిక్ 18 లక్షలు అనుకుందాం, నెలకి లక్షన్నర. సీటీసీలో సగం ఎందుకంటే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం మొత్తం ప్రతిఫలంలో అలవెన్సుల వాటా సగం దాటితే ఆ దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కగట్టాలి. వెనకటిలా బేసిక్‌ని చిన్నది చేసి "స్పెషల్ అలవెన్స్" అనే గోనెసంచిలో అంతా కుక్కే వీలు తగ్గింది.

బేసిక్ మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 2,16,000. గ్రాట్యుటీ 4.81 శాతం, 86,580. ఈ 4.81 ఎక్కడిదని చాలామంది అడిగారు. గ్రాట్యుటీ అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే డబ్బు, ఏడాది సర్వీసుకి పదిహేను రోజుల వేతనం, అక్కడ నెలంటే 26 రోజులు. 15ని 26తో, వచ్చినదాన్ని 12తో భాగించండి, అదే వస్తుంది. ఆరోగ్య బీమా ప్రీమియం 17,420 అనుకుందాం. మూడూ కలిపితే 3,20,000. ఇది మూడో కుప్ప.

ఇక మొదటి కుప్పలో మిగిలింది 27,40,000. నెలకి 2,28,333. ఇప్పుడు కోతలు. మన వాటా పీఎఫ్ నెలకి 18,000. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా వృత్తి పన్ను 200. ఆదాయపు పన్ను 2025-26 కొత్త విధానంలో చూద్దాం. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 26,65,000. తొలి నాలుగు లక్షలకి పన్ను లేదు. అక్కణ్నుంచి ప్రతి నాలుగు లక్షలకీ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున 24 లక్షల దాకా వెళ్తే సరిగ్గా మూడు లక్షల పన్ను అవుతుంది. (ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి, సీనియర్ల లెక్కలన్నీ ఇక్కణ్నుంచే మొదలవుతాయి.) పైనున్న 2,65,000కి 30 శాతం, 79,500. దాని మీద 4 శాతం సెస్సు. మొత్తం 3,94,680, నెలకి 32,890.

బ్యాంకులో పడేది నెలకి 1,77,243.

ముప్ఫై ఆరుని పన్నెండుతో భాగించి "నెలకి మూడు లక్షలు" అనుకున్నవాడికి నెలకి లక్షా ఇరవై రెండు వేలు తేడా. కోకాపేటలో ఫ్లాట్ బుక్ చేసే ముందు చేయాల్సిన లెక్క ఇది. నేను మాత్రం బుక్ చేశాక చేశాను.

రెండు, మూడు కుప్పల సంగతి

మూడో కుప్పలో అన్నీ ఒక రకం కాదు. పీఎఫ్ మీ డబ్బే. మీ వాటా, కంపెనీ వాటా కలిపి ఏడాదికి 4,32,000 మీ పేరున జమవుతుంది, వడ్డీ కూడా వస్తుంది. చేతికి అందలేదని బాధపడక్కర్లేదు. గ్రాట్యుటీ అలా కాదు. పర్మనెంట్ ఉద్యోగి అయిదేళ్లు నిండకుండా మానేస్తే అది రాదు. (కాంట్రాక్టు గడువు మీద చేరినవాళ్లకి కొత్త కోడ్‌లో ఏడాదికే వర్తిస్తుంది.) మూడేళ్లకోసారి కంపెనీ మారేవాళ్లకి సీటీసీలో ఏటా కనపడే ఆ 86,580 గోడ మీద బొమ్మ లాంటిది. మూడేళ్లకి 2,59,740 కాగితం మీదే వచ్చి కాగితం మీదే పోతుంది. మీరు ఎన్నేళ్లుంటారో మీకే తెలుసు కాబట్టి, ఆ అంకె ఉంచాలో కొట్టేయాలో మీరే తేల్చుకోండి.

వేరియబుల్ పూర్తిగా ఇస్తే 5,40,000. దాని మీద పన్ను, సెస్సు కలిపి 31.2 శాతం పోగా మిగిలేది 3,71,520. డెబ్భై శాతమే ఇస్తే చేతికొచ్చేది 2,60,064. నేనొకసారి ఒక కంపెనీలో (పేరెందుకులెండి) "హండ్రెడ్ పర్సెంట్ వరకూ" అన్న మాట విని చేరాను. "వరకూ" అన్న మాట అప్పుడు నా చెవిలో పడలేదు. మొదటి ఏడాది సగం కంటే కాస్త ఎక్కువ ఇచ్చారు, రెండో ఏడాది అదీ లేదు. నా ప్రాజెక్టు లాభంలోనే ఉంది. కానీ నా వేరియబుల్‌లో మూడొంతుల్లో రెండొంతులు మొత్తం కంపెనీ ఫలితాలకి ముడిపెట్టారట, అది లెటర్ ఎనిమిదో పేజీలో ఉంది.

అందుకే హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు "వేరియబుల్ ఎంతండీ?" అని అడక్కండి, అది లెటర్‌లోనే ఉంటుంది. "ఈ బ్యాండ్‌కి పోయిన రెండేళ్లలో ఎంత శాతం పే చేశారండీ? అందులో నా ప్రాజెక్టు భాగమెంత, కంపెనీ భాగమెంత?" అని అడగండి. (బ్యాండ్ అంటే కంపెనీ ఒక్కో హోదాకి పెట్టుకున్న జీతం శ్రేణి.) జవాబు నసుగుతూ వచ్చినా జవాబు వచ్చినట్టే.

ఇప్పుడు ఇంకో ఆఫర్ వచ్చిందనుకుందాం. "ఫార్టీ ఇస్తున్నాం సర్." విప్పితే: అందులో నాలుగు లక్షలు జాయినింగ్ బోనస్, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. మిగిలిన 36లో 20 శాతం వేరియబుల్, 7,20,000. ఫిక్స్‌డ్ 28,80,000. మొదటి ఆఫర్‌లో ఫిక్స్‌డ్ 30,60,000. నలభై కన్నా ముప్ఫై ఆరే పెద్దది! అసలు తమాషా రెండో ఏడాది చూడాలి. జాయినింగ్ బోనస్ ఉండదు, హైక్ మాత్రం ఫిక్స్‌డ్ మీదే లెక్కగడతారు. తర్వాత కంపెనీవాళ్లు "కరెంట్ ఫిక్స్‌డ్ ఎంత" అనడిగినా ఈ చిన్న అంకే చెప్పాలి. ఒకసారి తగ్గిన ఫిక్స్‌డ్ అలా ఏళ్ల తరబడి వెంట వస్తుంది.

జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల సంగతి తర్వాత పాఠంలో వివరంగా చూద్దాం. ఇప్పటికి ఒకటే చాలు: నాలుగేళ్లలో వెస్ట్ అయ్యే (అంటే విడతలుగా మన సొంతమయ్యే) 20 లక్షల షేర్లని ఒకే ఏడాది సీటీసీలో కలిపి చెప్తే నాలుగుతో భాగించండి. వెస్ట్ అయిన రోజు విలువ మీద జీతంలాగే పన్ను పడుతుంది, మీరు అమ్మినా అమ్మకపోయినా.

అసలు ముప్ఫై ఆరే ఎందుకు?

ఒకే అనుభవం, ఒకే హోదా ఉన్న ఇద్దరిలో ఒకరికి ఇరవై నాలుగు, ఇంకొకరికి నలభై ఎందుకొస్తాయి? అదృష్టం, నోరు, పరిచయాలు అంటారు. వాటి పాత్ర లేదనను. కానీ నేను డెలివరీ (క్లయింట్ల ప్రాజెక్టులు నడిపే విభాగం) వైపు కూర్చుని బ్యాండ్లు కేటాయించిన రోజుల్లో టేబుల్ మీద నడిచిన మాట వేరు: "ఈయన చేతిలో ఎంత డబ్బు ఆడుతోంది? ఈయన తప్పు చేస్తే ఎవరికి ఎంత పోతుంది?"

ఒక ప్రాజెక్టు లెక్క వేద్దాం. నలభై మంది టీమ్, క్లయింట్‌కి మనిషికి గంటకి 25 డాలర్ల బిల్లింగ్, మనిషికి నెలకి 160 గంటలు. ఏడాదికి 19,20,000 డాలర్లు. ఖర్చు అందులో 60 శాతం అనుకుంటే నెలకి 96,000 డాలర్లు. సులువుకి డాలర్ 85 రూపాయలు వేస్తే 81,60,000.

ఇది గంటల లెక్కన బిల్లు వేసే ప్రాజెక్టయితే, ఒక నెల ఆలస్యమైనా ఆ నెల బిల్లు కూడా క్లయింటే కడతాడు. ఎస్కలేషన్ వస్తుంది, ముఖాలు మాడతాయి, డబ్బు మాత్రం పోదు. అదే ఫిక్స్‌డ్ ప్రైస్, అంటే ముందే ఒప్పుకున్న మొత్తానికి చేసే ప్రాజెక్టయితే ఆ 81,60,000 కంపెనీ జేబులోంచి పోతుంది, అంటే మేనేజర్ రెండేళ్ల సీటీసీ కన్నా ఎక్కువ. ఒక్క నెలకి. ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టుల్ని టైముకి ఒడ్డున పడేసిన మనిషిని వదులుకోవడానికి కంపెనీలు ఎందుకు జంకుతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బ్యాండ్‌లో పై అంచు వాళ్లకే ఇస్తారు.

మీ రెజ్యూమేలో "40 మంది టీమ్‌ని నడిపాను" అని ఉంటే సగమే చెప్పినట్టు. మనుషుల్ని నడిపేవాళ్లు చాలామంది. బిల్లింగ్ ఎంత, ఒప్పందం ఏ రకం, మార్జిన్ (బిల్లులో ఖర్చు పోగా మిగిలే శాతం) మీరు తీసుకునేటప్పటికి ఎంత ఉండేది, వదిలేటప్పటికి ఎంతైంది? ఈ నాలుగూ చెప్పగలిగినవాడితో జీతం మాట వేరే స్థాయిలో నడుస్తుంది. (క్లయింట్ పేరు, రేటు చెప్పకూడదు. శాతాల్లో చెప్పండి.)

డొమైన్ కూడా లెక్కలోకి వస్తుంది. బ్యాంకింగ్ చెల్లింపులు, ఔషధ నియంత్రణల వంటి చోట్ల తప్పు జరిగితే రెగ్యులేటర్ గుమ్మంలో ఉంటాడు, కాబట్టి అది తెలిసినవాడికి ఎక్కువిస్తారు. సొంత కేంద్రాల్లో మేనేజర్ జీతం బిల్లింగ్ రేటుకి కట్టుబడి ఉండదు, అందుకే అక్కడ ఫిక్స్‌డ్ మెరుగు. కానీ అక్కడ హోదా మెట్లు తక్కువ. రెండేళ్లకోసారి కొత్త డిజిగ్నేషన్ కావాలనుకునేవాళ్లకి ఊపిరాడదు. భవన నిర్మాణం, రోడ్ల ప్రాజెక్టుల్లో మేనేజర్ల సంగతి పూర్తిగా వేరు. సైట్ అలవెన్సులు, ఇల్లు, బండి ఉంటాయి, వాటిని ఈ మూడు కుప్పల్లో పెట్టాలంటే విడిగా ఒక పాఠం కావాలి.

పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్ష) చేస్తే జీతం పెరుగుతుందా అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే పీఎంఐ సంస్థే 2023లో ప్రచురించిన జీతాల సర్వేలో, 21 దేశాలు కలిపి చూస్తే సర్టిఫికెట్ ఉన్నవాళ్ల మధ్యస్థ జీతం లేనివాళ్ల కంటే 33 శాతం ఎక్కువ. అంకె నిజమే. కానీ నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లయినా కనీసం 36 నెలలు ప్రాజెక్టులు నడిపితే తప్ప ఆ పరీక్షకి అర్హత లేదు. అంటే ఆ గుంపులో కొత్తవాళ్లు ఉండరు, మరి ఎక్కువ జీతం ఉండదా? నా అనుభవంలో పీఎంపీ రెజ్యూమేని వడపోతలో నిలబెడుతుంది, ప్రభుత్వ, విదేశీ టెండర్లలో పేరు పెట్టడానికి పనికొస్తుంది. ఉన్న కంపెనీలో అప్రైజల్ రోజు మాత్రం ఎవరూ దాని ఊసెత్తరు.

డాలర్ల వైపు ఒక చూపు

అన్నయ్యో, బావగారో డల్లాస్‌లో ఉంటే ఈ పోలిక తప్పదు. అమెరికా కార్మిక గణాంక శాఖ లెక్కలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నిపుణుల మధ్యస్థ వార్షిక జీతం 2023 మేలో 98,580 డాలర్లు. దాన్ని 85తో గుణించి 84 లక్షలని నిట్టూర్చకండి. అది అక్కడి అద్దె, అక్కడి బీమా కట్టాల్సిన జీతం. గుణించడం కన్నా పనికొచ్చేది ఇంకొకటుంది: హెచ్-1బీ కోసం యజమానులు దాఖలు చేసే ఎల్‌సీఏల్లో (వీసాకి ముందు కార్మిక శాఖకి ఇచ్చే దరఖాస్తుల్లో) హోదా, ఊరు, జీతం, వేజ్ లెవల్ (జీతం మెట్టు) ఉంటాయి, అమెరికా కార్మిక శాఖ వాటిని అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఏళ్లుగా నడిచిన నాలుగు లెవల్స్ పద్ధతిలో మూడోది ఆ ఊళ్లో ఆ పనికి దాదాపు మధ్యస్థ జీతం, రెండోది దానికి దిగువన. "సీనియర్" అని పిలిచి లెవల్ 2లో దాఖలు చేస్తామంటే, ఆ పిలుపు విజిటింగ్ కార్డు వరకే.

ఈ వారం అభ్యాసం

మీ ప్రస్తుత సీటీసీని మూడు కుప్పలు చేసి, నెలనెలా పడే అంకె రాయండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చండి. వంద, రెండొందల తేడా వస్తే పర్లేదు. వెయ్యి దాటితే ఏదో అలవెన్సు తప్పు కుప్పలో వేశారు.

తర్వాత ఈ ఆఫర్ విప్పండి: సీటీసీ 42 లక్షలు, అందులో రెండు లక్షలు జాయినింగ్ బోనస్, నాలుగేళ్లలో సమానంగా వెస్ట్ అయ్యే 16 లక్షల షేర్లలో ఏడాది వాటా నాలుగు లక్షలు, వేరియబుల్ ఆరు లక్షలు, బేసిక్ 21 లక్షలు, బీమా 18,990. మొదటి ఏడాది నెలకి ఎంత పడుతుంది? ఏ హైకూ లేదనుకుంటే రెండో ఏడాది సీటీసీ ఎంత? షేర్లు వెస్ట్ అయిన నెలలో పేస్లిప్ ఎందుకు చిక్కిపోతుంది? మూడో ప్రశ్న దగ్గర ఆగిపోతే కంగారు పడొద్దు, నాలుగో పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.