వార్డుల బీపీ, 4వ పాఠం: నంబర్ చూసి ఉరకకుండ్రి

పోయినసారి ఇచ్చిన కేసుకు మీ జవాబులన్నీ చదివిన. దేవరకొండ దిక్కు పెద్దాయన, హెర్నియా ఆపరేషన్ అయిన రాత్రి బీపీ 194/104, ఏం చేస్తరు అని అడిగితే సగం మంది బీపీ దించే నిఫెడిపిన్ మందు నాలుక కింద పిండుతమన్నరు, మిగిలినోళ్లు అదే పనికి లాబెటలాల్ ఇంజెక్షన్ అన్నరు. ఛాతీల నొప్పి ఉన్నదా, ఒంటికి పోయిండా అని అడిగినోళ్లు మాత్రం లేరు. అందుకే ఇయ్యాల చెప్తానన్న డ్రిప్పు లెక్కలు పక్కకు పెడుతున్న.

180/120 దాటుడు ఒక్కటే ఎమర్జెన్సీ కాదు. దాంతోని మెదడుకో, గుండెకో, కిడ్నీకో, కంటికో కొత్తగా దెబ్బ తగుల్తుండాలె: ఛాతీ నొప్పి, ఆయాసం, మాట పడిపోవుడు, ఫిట్స్, చూపు మసక, మూత్రం తగ్గుడు. ఇయ్యేవీ లేకుంటే ఇంజెక్షన్ జోలికి పోకుండ్రి, కారణం వెతుకుండ్రి. ఆ పెద్దాయనకు బొడ్డు కింద తట్టి చూస్తే మూత్రసంచి నిండి రాయి లెక్కుంది, కుట్లు నొప్పి, పైగా ఆపరేషన్ అని పొద్దుగాల నుంచి ఇంటి బీపీ గోలీ బందు పెట్టిన్రు. ట్యూబ్ వేసి, నొప్పికి మందిచ్చి, గోలీ మళ్ల మొదలుపెడితే సరి. నేనైతే కేస్ షీట్ కన్నా ముందు వాళ్ల కవర్ల ఉన్న స్ట్రిప్పులు చూస్త.

ఇగ నాలుక కింద నిఫెడిపిన్ సంగతి, ఇది చూస్తే నాకు మస్తు కోపమొస్తది. నాలుక కింద పెడితే అక్కడ్నే పని చేస్తదనుకుంటరు గాని ఆ మందు ఎక్కువ శాతం మింగినంకనే పేగులల్ల ఎక్కుతది, ఎంత పడేస్తదో, ఎప్పుడు పడేస్తదో ఎవరి చేతుల ఉండదు. ఏండ్ల సంది ఎక్కువ బీపీకి అలవాటైన మెదడుకు ఒక్కసారి తగ్గితే రక్తం చాలదు, పక్షవాతం రావచ్చు, గుండె దడదడ కొట్టుకుంటది, గుండెపోటూ రావచ్చు. 1996లనే జామా అనే అమెరికా వైద్య పత్రికల ఈ పద్ధతి ఆపుండ్రని డాక్టర్లు రాసిన్రు, మనమింకా పిండుతనే ఉన్నం. గర్భిణీ సంగతి వేరే, 160/110 దాటి 15 నిమిషాలైనా దిగకుంటే 30 నుంచి 60 నిమిషాల లోపల మందు పడాలె, నిఫెడిపిన్ 10 మిల్లీగ్రాములు ఇయ్యొచ్చు, కాని మింగియ్యాలె, మళ్ల నాలుక కింద కాదు!

నిజం ఎమర్జెన్సీ అయితే మొదటి గంటల సగటు బీపీ 25 శాతం మించి తగ్గించొద్దు. సగటంటే కింది నంబర్‌కు రెండు నంబర్ల తేడాల మూడో వంతు కలపాలె: 220/130 అంటే సగటు 160, అంటే ఆ సగటు 120 కిందికి పోవద్దు. లాబెటలాల్ 20 మిల్లీగ్రాములు రెండు నిమిషాలల్ల మెల్లగ, ఆస్తమా ఉంటే ఇయ్యొద్దు. ఊపిరితిత్తులల్ల నీరు చేరితే నైట్రోగ్లిజరిన్. గడ్డకట్టిన పక్షవాతానికి, గడ్డ కరిగించే మందు ఇయ్యకుంటే, 220/120 దాక ముట్టుకోవద్దు. మహాధమని, అంటే గుండె నుంచి బయలెల్లే పెద్ద రక్తనాళం, చీలితే ఈ 25 శాతం లెక్క పనికిరాదు, అది వేరే పాఠం.

ప్రాక్టీస్: రేపటి నైట్ డ్యూటీల 180 దాటిన ప్రతి పేషెంటుకు డాక్టర్‌కు ఫోన్ కొట్టేముందు జబ్బకు సరిపోయే కఫ్ కట్టి, చెయ్యి గుండె ఎత్తుల దిండు మీద పెట్టి, ఐదు నిమిషాలు ఆగి రెండు చేతులకూ చూసి రాయుండ్రి. పైన చెప్పిన లక్షణాలల్ల ఏదన్న కనబడితే మాత్రం ఆగొద్దు, ముందు ఫోన్ కొట్టుండ్రి. నొప్పి, మూత్రం, ఇంటి గోలీ, ఎక్కుతున్న సెలైన్, స్టెరాయిడ్, నొప్పి గోలీలు, అన్నీ రాసి, సగటు కూడ లెక్క కట్టుండ్రి, క్యాలిక్యులేటర్ లేకుంట.