స్పెల్లింగుల తికమక, 6వ పాఠం: బోర్డు మీద తప్పు, చరిత్రలో ఒప్పు

పోయిన పాఠంలో హ్యూమన్, హ్యుమేన్ చూశాం. ఒకప్పుడు రెండూ ఒకే మాట. చివర ‘ఈ’ (e) అక్షరం చేర్చిన స్పెల్లింగునే రెండర్థాలకూ రాసేవాళ్లు. 18వ శతాబ్దంలో ‘మనిషి’కి ఒకటి, ‘దయగల’కు ఒకటి అని పంచుకున్నారు. అది గుర్తుంటే ఈ పాఠం తేలిక.

కడపలో ఏడు రోడ్ల దగ్గర నోటుపుస్తకాల అంగళ్ల బోర్డులు చూసుకుంటూ నడవండి. స్టేషనరీ అన్న మాటలో చివరి ఆర్‌కు ముందున్న అక్షరం ఏమిటో గమనించండి. ‘ఈ’ (e) ఉంటే కాగితాలు, పెన్నులు. ‘ఏ’ (a) ఉంటే ‘కదలకుండా నిలిచి ఉన్నది’ అని అర్థం. అంటే అంగడి ఎక్కడికీ పోదని బోర్డే హామీ ఇస్తున్నట్టు!

తమాషా ఏమిటంటే, మాట పుట్టింది ఆ కదలని అంగడి నుంచే. పాతకాలపు యూరప్‌లో చాలా సరుకులు ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు, మన వీధుల్లో తోపుడు బండ్ల మాదిరి. పుస్తకాలవాళ్లు మాత్రం విశ్వవిద్యాలయాల పక్కన ఒకచోట అంగడి పెట్టుకుని కూర్చునేవాళ్లు. లాటిన్‌లో ‘నిలబడు’ అనే ధాతువు నుంచి వచ్చిన మాటతో వాళ్లను స్టేషనర్ అన్నారు. రైల్వే స్టేషన్ కూడా ఆ ధాతువు బిడ్డే. లండన్‌లో ఈ పుస్తకాల వర్తకుల సంఘానికి 1557లో రాచ సనదు కూడా దొరికింది. స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ. స్టేషనర్‌లో ‘ఈ’ ఉంది కాబట్టి సరుకులోనూ ‘ఈ’. నిలిచి ఉన్నదానికి ‘ఏ’. ఇది మరిచిపోతే వాట్సాప్‌లో ‘ఆగు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి చూడండి, ఏ తోనే మొదలవుతుంది.

రెండో జంట నన్ను ముంచిన జంట. చాలా ఏళ్ల కిందట ఒక ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ, ‘నేను గుట్టు దాచగలను’ అనే అర్థంలో డిస్క్రీట్ అని రాశాను. చివర రెండు ‘ఈ’ల మధ్య టీ పెట్టాను. అప్పుడు దాని అర్థం ‘విడివిడి ముక్కలు’. ఇంటర్వ్యూ చేసినాయన ఆ మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, నవ్వి ఊరుకున్నారు. ఉద్యోగం రాలేదు. దానికి వేరే కారణాలూ ఉండొచ్చు లెండి.

గుట్టు డిస్క్రీట్, విడి ముక్కల డిస్క్రీట్, ఈ రెండూ లాటిన్‌లో ఒకే మాట, ‘వేరుచేసినది’ అని. వేరుచేయడానికీ గుట్టుగా ఉండడానికీ ఏం సంబంధం? మన ‘వివేకం’ చూడండి. దాని ధాతువుకు కూడా వేరుచేయడమనే అర్థం. హంస పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందని క్షీరనీర వివేకం అంటాం కదా. ఏది చెప్పాలో, ఏది మింగాలో వేరుచేసి తెలుసుకున్నవాడే వివేకి. ఇంగ్లిషువాళ్లూ అదే దారిలో నడిచారు. గుర్తుకు ఒక బొమ్మ: గుట్టు మాటలో రెండు ‘ఈ’లూ పక్కపక్కన కూర్చుని గుసగుసలాడుతుంటాయి. విడి ముక్కల మాటలో టీ మధ్యలో దూరి వాటిని విడదీస్తుంది.

మూడోది ఫ్లవర్. పలుకులో పువ్వూ అదే, పిండీ అదే; రాతలో ఇప్పుడు పువ్వుకు డబ్ల్యూ (flower), పిండికి యూ (flour). మనం కార్న్‌ఫ్లోర్ అని పలుకుతాం గానీ ఆ పిండి అసలు ఉచ్చారణా ఫ్లవరే. గోధుమను విసిరి జల్లెడ పట్టగా వచ్చే మెత్తటి, మేలైన భాగాన్ని ‘పువ్వు’ అన్నారు, పాల పైతేటను మనం మీగడ అన్నట్టు. శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన నిఘంటువులో కూడా ఈ రెంటికీ వేరు స్పెల్లింగులు లేవు. స్పెల్లింగు రాతి మీద రాత కాదు మరి. మన ఊరి పేరే 2005 దాకా ఇంగ్లిషులో సీ తో మొదలై హెచ్‌తో ముగిసేది. కడప బండ అమ్మేచోట ఆ పాత స్పెల్లింగు ఇంకా బతికే ఉంది.

ఇక అభ్యాసం. నోటుపుస్తకంలో ఇంగ్లిషులో రాయండి: ‘బస్సు ఆగి ఉన్నప్పుడే దిగండి’, ‘ఆమె గుట్టు తెలిసిన మనిషి’, ‘రెండు కిలోల గోధుమ పిండి’. జవాబులు వచ్చే పాఠంలో. అప్పుడే లోహాన్నీ, మనిషిలోని దమ్మునూ ఒకే మూసలో పోసిన మెటల్, మెటిల్ జంటనూ చూద్దాం.