టెక్సాస్‌లో పిల్లల్ని హైస్కూల్ స్పోర్ట్స్‌లో చేర్పించాలంటే

చాలామంది తల్లిదండ్రులు ఈ సంగతి ఆగస్టులో స్కూలు తెరిచాక అడుగుతారు, అప్పటికే లేటయిపోతుందండి. ఇక్కడ అథ్లెటిక్స్ అంటే సాయంత్రం వెళ్ళి ఆడుకుని రావడం కాదు, టైమ్‌టేబుల్‌లోనే ఒక పీరియడ్ ఉంటుంది, పిల్లలు 8వ క్లాసులో ఉండగానే వచ్చే ఏడాదికి కోర్సులు ఎంచుకునేటప్పుడు దానికి పేరు ఇవ్వాలి. గ్రాడ్యుయేషన్‌కి కావాల్సిన పీఈ (ఫిజికల్ ఎడ్యుకేషన్) క్రెడిట్ దీంతోనే వచ్చేస్తుంది, విడిగా పీఈ తీసుకోనక్కర్లేదు.

తర్వాత ఫిజికల్ ఫారం, అంటే పిల్లలు ఆడడానికి ఆరోగ్యంగా ఉన్నారని డాక్టర్ చూసి ఇచ్చేది. షూస్ కంటే ముందు ఇది చూసుకోండి. రాష్ట్రం మొత్తం పబ్లిక్ స్కూల్ ఆటల్ని నడిపేది యూఐఎల్ (యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్), వాళ్ళ ఫారం మీదే డాక్టర్ సంతకం ఉండాలి. మా వాడి ఫారంలో మెడికల్ హిస్టరీ పేజీ కింద నా సంతకం పెట్టడం మర్చిపోయాను, డాక్టర్ సంతకం ఉంది కదా అనుకున్నా, వాడు రెండు రోజులు బ్లీచర్స్ మీద కూర్చుని మిగతా పిల్లలు పరిగెత్తుతుంటే చూస్తూ ఉండిపోయాడు. వాడి మొహం ఇంకా గుర్తుంది నాకు. ప్రతి పేజీ తిప్పి చూడండి, ఒక ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

ఏ ఆట అన్నది అసలు ప్రశ్న. సబర్బ్‌లో 6ఏ స్కూళ్ళు, అంటే పిల్లలు బాగా ఎక్కువున్న స్కూళ్ళు, వాటిలో బాస్కెట్‌బాల్, వాలీబాల్ ట్రైఅవుట్స్‌లో, అంటే టీమ్ సెలక్షన్లలో, చిన్నప్పట్నుంచి క్లబ్బుల్లో ఆడుతున్న వాళ్ళే ఎక్కువ వస్తారు, కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకి టీమ్‌లో చోటు కష్టం. అలాంటి వాళ్ళకి నేనైతే క్రాస్ కంట్రీ, అంటే గడ్డి మీద, మట్టి దారుల్లో దూరం పరుగు చెప్తాను, ఎందుకంటే చాలా స్కూళ్ళలో ఎవర్నీ తీసెయ్యరు, వచ్చి పరిగెత్తితే చాలు. వర్సిటీలో, అంటే స్కూలు మెయిన్ టీమ్‌లో, 7గురు పరిగెత్తుతారు, మొదటి 5గురి స్థానాలు కలిపి స్కోరు వేస్తారు, తక్కువ వచ్చిన టీమ్ గెలుస్తుంది. అంటే మీ వాడు అయిదోవాడే అయినా వాడు దాటిన ఒక్కొక్కరూ లెక్కలోకి వస్తారు. సీజన్ అయ్యాక వాళ్ళలో చాలామంది ట్రాక్ పరుగు పందేలకి వెళ్తారు.

చదువు పాడవుతుందని భయపడేవాళ్ళకి: 1984 నుంచి ఇక్కడ నో పాస్ నో ప్లే చట్టం ఉంది, గ్రేడింగ్ పీరియడ్ చివర ఏ సబ్జెక్టులో అయినా 70 కంటే తగ్గితే పోటీల్లోకి రానివ్వరు, మూడు వారాల తర్వాత అన్నీ పాసవుతుంటే మళ్ళీ ఆడనిస్తారు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లాంటి పై స్థాయి క్లాసులకి మినహాయింపు ఉంది.

హైస్కూల్ మధ్యలో ఇల్లు మారినవాళ్ళు పాత స్కూల్లో ఆడి ఉంటే, వర్సిటీ ఆడడానికి ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం కావాలి, పాత స్కూలు వాళ్ళు కూడా నింపాలి, అందుకే ఇల్లు ఖాయం అవ్వగానే కోచ్‌కి మెయిల్ పెట్టండి.

ఆగస్టు ఎండ మామూలుగా ఉండదు, కాబట్టి జూన్ నుంచే పొద్దున్నే కొంచెం కొంచెం పరిగెత్తించండి, పెద్ద నీళ్ళ సీసా ఇవ్వండి, తల తిరుగుతోంది అంటే దాచకుండా స్కూల్లో ఆటగాళ్ళ దెబ్బలూ ఆరోగ్యం చూసే అథ్లెటిక్ ట్రైనర్‌కి చెప్పమనండి.

క్రాస్ కంట్రీలో చేరితే మొదటి మీట్‌కి, అంటే పోటీకి, తప్పకుండా వెళ్ళండి. ఫినిష్ లైన్ దగ్గర అందరూ ఉంటారు, మీరు రెండో మైలు దగ్గరికి నడవండి, పిల్లలు నీరసపడేది అక్కడే, మన భాషలో గట్టిగా పేరు పెట్టి పిలవండి.