హెరాల్డ్ ఇంజిన్ మీద ఎనిమిది అక్షరాలు

చెన్నైలో ముప్పై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది, కుంచెలు మిగిలాయి. బోర్డు రాయించుకుని డబ్బు ఇవ్వలేకపోయిన ఒక ఇనుప సామాను వ్యాపారి, బాకీ కింద తన గోదాములో మూలుగుతున్న పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారును తోసుకుపొమ్మన్నాడు. తోసుకొచ్చాను. చాకలిపేటలో మా సందు మలుపు తిరగడానికే నలుగురు కావలసి వచ్చారు.

ఆ కారు ఇంజిన్ పోత ఇనుము మీద ఇంగ్లీషులో ‘స్టాన్‌పార్ట్’ అని ఉబ్బెత్తు అక్షరాలు ఉన్నాయి. బ్రిటన్‌లోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ తన విడిభాగాలకు పెట్టుకున్న పేరది. హెరాల్డ్ అక్కడ 1959లో వచ్చింది. 1961 నుంచి ఇక్కడే, మద్రాసులో, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారు చేసింది. జిడ్డు గీకాక ఆ అక్షరాలు బయటపడిన రోజు వాటికి రంగు అద్దకుండా చేతులు ఊరుకోలేదు. ఆ తొందరే మొదటిసారి పని చెడగొట్టింది.

చెడింది ఎక్కడో ముందు చెబుతాను. బోర్డు మీద అక్షరాన్ని మనమే గీస్తాం. కుంచె నిండా రంగు తీసుకుని ఒక్క ఊపులో లాగుతాం. ఇక్కడ అక్షరాన్ని పోత పోసినవాడు ఎప్పుడో గీసిపెట్టాడు. మనం దాని నెత్తిన రంగు అద్దాలి, అంతే. నేను అలవాటు కొద్దీ కుంచె ముంచి లాగాను. ఎనిమిది అక్షరాల్లో నాలుగింటికి పొట్టలున్నాయి: రెండు ‘ఏ’లు, ఒక ‘పీ’, ఒక ‘ఆర్’. నాలుగు పొట్టలూ తెల్లరంగుతో నిండిపోయాయి. దూరం నుంచి చూస్తే కాకి రెట్టలా ఉంది.

ఇక పద్ధతి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. బ్యాటరీ తీగ విప్పండి. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌కూ, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కూ ప్లాస్టిక్ సంచులు కట్టండి. జిడ్డును కిరోసిన్‌తో, పాత టూత్‌బ్రష్‌తో వదిలించండి. పెట్రోలు జోలికి వెళ్ళవద్దు. తుప్పుకు తీగ బ్రష్ చాలు. ఇనుము కాబట్టి ఉక్కు తీగ పనికొస్తుంది. మీది అల్యూమినియం కవర్ అయితే ఇత్తడి తీగ బ్రష్ వాడండి, లేకపోతే గీతలు పడతాయి. చివరగా థిన్నర్ గుడ్డతో తుడిచి, తెల్లగుడ్డకు మరక అంటనంతవరకూ మళ్ళీ తుడవండి. జిడ్డు మీద వేసిన రంగు నెల తిరగకుండా పొరలుగా లేస్తుంది.

అక్షరాల అంచుల్లో ఇసుక అచ్చు వదిలిన గరుకు ఉంటుంది. దాన్ని ఆకురాయితో నున్నగా చేయాలనిపిస్తుంది. చేయకండి. మా ‘ఎన్’ ఒక కాలు కొంచెం పొట్టి, అదలాగే ఉంచాను. పైన పేరుకున్న తుప్పు పెళుసులు పోయేలా 220 నంబరు ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దితే చాలు.

ముందు నేపథ్యం, తర్వాతే అక్షరాలు. వేడికి తట్టుకునే ఇంజిన్ పెయింట్, దాని డబ్బా మీద చెప్పిన ప్రైమర్ (అడుగు పూత)తో సహా, అక్షరాల మీదుగానే వేసేయండి. మాది నలుపు. అది బాగా గట్టిపడాలి. నేను వారం ఆగాను. అల్యూమినియం కవర్లకు అక్షరాల నెత్తి రుద్దేసి లోహం మెరిపించే పద్ధతి ఒకటుంది. పోత ఇనుముకు అది పనికిరాదు. చాకలిపేట గాలిలో ఉప్పుంది, రుద్దిన చోట తుప్పు రావడానికి ఎన్నో రోజులు పట్టదు.

అక్షరాలకు ఏ రంగు? తెలుపు అందంగానే ఉంటుంది, కానీ మామూలు ఎనామిల్ తెలుపు వేడికి పసుపురంగుకు తిరుగుతుంది. ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) దగ్గరి అక్షరాలు ముందుగా పాడవుతాయి. అందుకే రెండోసారి వేడికి ఓర్చే అల్యూమినియం పెయింట్ వేశాను. ఎరుపు వేయమని మా అల్లుడు పట్టుబట్టాడు. అది అగ్నిమాపక బండి కాదని చెప్పాను.

పొడవాటి ఉడుత వెంట్రుకల కుంచె దీనికి వద్దు. పొట్టిది, కాస్త బిరుసైనది, చదునైనది తీసుకోండి. అద్దం ముక్క మీద నాలుగు చుక్కల రంగు పరచి, కుంచెను అందులో ఒత్తి, ముందు వార్తాపత్రిక మీద అద్దండి. కాగితం మీద గీత దాదాపు ఎండినట్టు పడుతున్నప్పుడే ఇంజిన్ దగ్గరికి వెళ్ళండి. కుంచెను నిలబెట్టకుండా దాదాపు పడుకోబెట్టి, దాని పక్క భాగం అక్షరం నెత్తిని రాసుకుపోయేలా లాగండి. ఒక పూతకు నలుపు కనిపిస్తూనే ఉంటుంది. కంగారు వద్దు, పలుచగా మూడు పూతలు వేయండి, మధ్యలో ఎండనివ్వండి. నెత్తి చదునుగా ఉన్న అక్షరాలైతే పాత సైకిల్ ట్యూబు ముక్కను చెక్కకు అంటించి, రబ్బరు స్టాంపులా అద్దవచ్చు. నా అక్షరాలు ఎగుడుదిగుడు కాబట్టి కుంచెతోనే చేశాను.

రంగు పొట్టలోకి జారితే వెదురు పుల్ల కొనకు పాత పంచె గుడ్డ చుట్టి, టర్పెంటైన్‌లో తడిపి, పిండి, వెంటనే తుడవండి. గట్టిపడిన నలుపుకు టర్పెంటైన్ వల్ల ఏమీ కాదు. అదే థిన్నర్ అయితే నలుపును కూడా ఊడ్చుకుపోతుంది. ఇది మాత్రం గుర్తుంచుకోండి, నేను రెండుసార్లు మరచిపోయాను.

ఎక్కడ కూర్చుని చేయాలన్నది హెరాల్డ్ వాళ్ళకు సమస్య కాదు. ఇటలీ వాడైన మికెలొట్టి గీసిన ఈ కారు బానెట్, ముందు మడ్‌గార్డులతో సహా, ముందుకు వాలిపోతుంది. ముందు టైరు మీద కూర్చుంటే ఇంజిన్ ఒడిలోకి వచ్చినట్టుంటుంది. ఇతర కార్ల వాళ్ళు నడుము మీద ఆశ వదులుకోవాలి.

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన కాలం, గాలిలో తేమ. అప్పుడు థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగులు వేస్తే పైన పాలపొరలా తెల్లబడతాయి. జనవరి తర్వాత, ఉదయం పూట, సముద్రపు గాలి దుమ్ము మోసుకురాక ముందే ముగించండి.

రాత్రంతా ఆరాక మరో రెండు మూడు రోజులు ఆగండి. తర్వాత సంచులు విప్పి, బ్యాటరీ తగిలించి, ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి ఆపండి. చల్లారాక మళ్ళీ ఇరవై నిమిషాలు. కొత్త రంగు వాసన కొద్దిగా వస్తుంది, భయపడకండి. పొగ వస్తే మాత్రం ఆపి, సంచీ ఏదైనా విప్పడం మరచిపోయారేమో చూడండి. మిగిలిన రంగును చిన్న హోమియోపతి సీసాలో అంచుదాకా పోసి బిగించండి. సీసాలో గాలి ఉంటే మీగడ కడుతుంది. నాది కారు డాష్‌బోర్డు అరలో ఉంది, పక్కనే వెదురు పుల్ల.