ఉప్పుగాలిలో పాత బండి: సముద్రం పక్క ఊళ్లలో స్ప్లెండర్, ఎక్స్‌ఎల్ కాపాడుకోవడం ఎలా

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం, బారువ, భావనపాడు, కళింగపట్నం నుంచి విజయనగరం జిల్లా చింతపల్లి, ముక్కాం దాకా సముద్రం పక్కన పాత హీరో హోండా స్ప్లెండర్లు, టీవీఎస్ ఎక్స్‌ఎల్‌లు ఇంకా రోజూ బరువులు మోస్తున్నాయి. స్ప్లెండర్‌లోని 97.2 సీసీ ఇంజిన్ గట్టిది. ఆయిల్ వేళకు మారిస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దాన్ని మోసే ఇనుముకే ఈ గాలి పడదు. చాసిస్‌ను తుప్పు తినేసి, ట్యాంకు చిల్లుపడి, వైర్లు పచ్చబారి బండి తూకానికి వెళ్లేసరికి లోపల ఇంజిన్ బాగానే ఉంటుంది. అందుకే ఇక్కడ ఉప్పు సంగతి ముందు, పెట్రోలు సంగతి తర్వాత, ఇంజిన్ సంగతి ఆఖరున చెబుతున్నాం.

ముందు కడగడం నేర్చుకోవాలి

ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. వాన లేకపోయినా, బండి ఎండలో నిలబెట్టినా, ఉప్పు పొర ఉన్నచోట రాత్రిపూట చెమ్మ చేరి తుప్పు నడుస్తూనే ఉంటుంది. వారానికి ఒకసారి మంచినీళ్లతో కడగాలి. తీరానికి దగ్గరున్న చాలా బోర్లలో నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉన్న ఉప్పు మీద కొత్త ఉప్పు చేరుతుంది. తప్పనిసరై బోరు నీళ్లు వాడితే ఆఖరి రెండు బకెట్లు మాత్రం కుళాయి నీళ్లు గానీ వాన నీళ్లు గానీ పోయండి.

ఇంజిన్ చల్లారాకే నీళ్లు పోయాలి. పైన మెరిసే భాగాలకన్నా కనపడని చోట్లు ముఖ్యం: వెనక మడ్‌గార్డ్ లోపలివైపు, డబుల్ స్టాండు ఇరుసు, సీటు కింద బ్యాటరీ పళ్లెం, ట్యాంకు అడుగు, సైలెన్సర్ అడుగు అతుకు. ప్రెషర్ గన్ను చక్రాల బేరింగులకు, స్విచ్‌లకు, సైలెన్సర్ గొట్టానికి సూటిగా పెట్టకండి. కడిగాక పది నిమిషాలు బండి నడిపి, బ్రేకులు నాలుగైదుసార్లు నొక్కితే డ్రమ్ములు ఆరతాయి. ఒళ్లంతా బిగుతుగా ప్లాస్టిక్ పట్టా కప్పడం మంచిది కాదు, లోపలి చెమ్మ బయటికి పోదు. నీడ, గాలి తగిలే చోటు చాలు.

చేపలు మోసే బండ్ల సంగతి వేరే. ఐసు కరిగి పెట్టె నుంచి కారే నీళ్లు సముద్రపు గాలికన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి, అవి సరిగ్గా చైన్ మీద, వెనక డ్రమ్ము మీద, సైలెన్సర్ మీద పడతాయి. పెట్టె అడుగున అన్ని వైపులా అంచున్న రేకు పళ్లెం గానీ ప్లాస్టిక్ ట్రే గానీ పెట్టి, దాని మూలన చిల్లు చేసి, అర అంగుళం ప్లాస్టిక్ పైపు తగిలించండి. పైపు చివర వెనక ఇరుసుకన్నా కిందికి, చక్రం వెనక్కి, చైన్ లేని వైపుకి రావాలి. టైరు మీద నీళ్లు పడకుండా చూసుకోండి, మలుపులో జారుతుంది. అమ్మకం అయిపోయాక అదే రోజు ఒక బకెట్ మంచినీళ్లు ఆ భాగాల మీద పోయాలి. ఈ పని వారానికి వాయిదా వేసేది కాదు.

తుప్పు పట్టినచోట

పైన రంగు పొక్కినట్టు కనిపిస్తే కింద తుప్పు పాకుతోందని అర్థం. దాని మీద కొత్త రంగు వేస్తే ఒక్క వానాకాలం కూడా ఆగదు. వైరు బ్రష్‌తో రుద్ది, 80 నంబరు ఎమరీ పేపరుతో మెరిసే ఇనుము కనిపించేదాకా తీయాలి, అంచుల్ని 180 నంబరుతో నునుపు చేయాలి. మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ కడగడం మానేస్తే ఉప్పు రంగు కిందే ఉండిపోతుంది. గుంటల్లో నల్లగా మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయండి. తర్వాత ప్రైమరు రెండు పూతలు, రంగు రెండు పూతలు. ప్రతి పూత ఆరాకే తర్వాతిది. గాలిలో తేమ ఎక్కువున్న పొద్దున్న వేళ కాకుండా, ఎండెక్కాక పని మొదలుపెట్టండి.

హ్యాండిల్ దగ్గర హెడ్ పైపు మీద కొట్టిన చాసిస్ నంబరుని ఎమరీతో రుద్దకూడదు, మందంగా రంగు కూడా వేయకూడదు. మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి పలచగా గ్రీసు రాస్తే చాలు. ఆ నంబరు అరిగిపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర ఇబ్బంది పడతారు.

మడ్‌గార్డ్ లోపలివైపు పాత ఇంజిన్ ఆయిల్ రాయడం ఇక్కడి అలవాటు. అది పనిచేస్తుంది, కానీ బ్రేకులకు, టైరుకు, రబ్బరు బుష్‌లకు తగలకూడదు. చాసిస్‌లో హెడ్ పైపు దగ్గర గానీ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ బోల్టు దగ్గర గానీ పగులు కనిపిస్తే, స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే లోపలికి దిగిపోతే, దాని మీద వెల్డింగ్ వేయించి తిరగడం ప్రమాదం. ఆ బండి అక్కడితో ఆపాలి.

ఏడాదికోసారి విప్పాల్సిన బోల్టులు

ఉప్పుగాలిలో ఇనుప బోల్టు అల్యూమినియంలో కూరుకుపోతుంది. అవసరం వచ్చిన రోజు విప్పబోతే తల తెగుతుంది. అందుకే అవసరం లేకపోయినా ఏడాదికోసారి, వానాకాలం ముందు, కొన్నిటిని విప్పి గ్రీసు రాసి మళ్లీ బిగించాలి: స్వింగ్‌ఆర్మ్ పొడుగు బోల్టు, రెండు చక్రాల ఇరుసులు, షాక్‌అబ్జార్బర్ బోల్టులు, సైలెన్సర్ బెండు దగ్గర నట్లు. ఇంజిన్ సైడ్ కవర్ల ప్లస్ స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. రాకపోతే రస్ట్ స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయండి, బలం పెట్టకండి.

వెనక బ్రేకు నొక్కాక తిరిగి వదలడం లేదంటే డ్రమ్ము ప్లేటులో బ్రేకు షూలను విడదీసే కడ్డీ (బ్రేక్ కామ్) తుప్పుతో పట్టేసి ఉంటుంది. ఇక్కడి బండ్లలో ఇది చాలా మామూలు. స్ప్రింగు మార్చి ప్రయోజనం లేదు. కామ్ బయటికి తీసి, 400 నంబరు ఎమరీతో రుద్ది, సన్నగా గ్రీసు రాసి పెట్టండి. లైనింగుకు గ్రీసు అంటితే ఆ షూలు పారేయాల్సిందే.

చైన్

స్ప్లెండర్‌కు నిండుగా చైన్ కవరు ఉండడం మేలే, కానీ లోపల ఏం జరుగుతోందో కనపడదు. కవరుకున్న రబ్బరు మూత తీసి ఊగు చూడాలి: కింది వైపు చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదలాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటే చైన్ అరిగిందనో, లింకులు పట్టేశాయనో అర్థం. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ను వెనక్కి లాగితే సగం పన్ను బయటపడుతుంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాలి. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే అది తొందరగా పోతుంది.

డీజిల్‌తో కడిగి, ఆరనిచ్చి, 90 నంబరు గేరాయిల్ లోపలి లింకుల మీద చుక్కలుగా వేయాలి. గ్రీసు పూస్తే పైనే ఉండిపోయి ఉద్దానం ఇసుకను పట్టుకుంటుంది, అది లింకుల్ని రాసేస్తుంది. చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ వెళ్లే దిశకు ఉండాలి. బిగించేటప్పుడు రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సమానంగా రావాలి, లేకపోతే చక్రం వంకరగా నడిచి స్ప్రాకెట్ ఒక పక్క అరుగుతుంది.

వైర్లు

పాత బండి ఉన్నట్టుండి ఆగిపోతే జనం ముందు కార్బొరేటర్ విప్పుతారు. ఈ తీరంలో ముందు ఎర్త్ చూడాలి. హోండా పద్ధతి వైరింగ్‌లో పచ్చ వైరు ఎర్త్. అది చాసిస్‌కు బిగించిన బోల్టు విప్పి, రింగును, చాసిస్ ఇనుమును మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీసు పూయండి. కనెక్టర్లు ఒక్కొక్కటీ విడదీసి, పచ్చగా పట్టిన చిలుమును కాంటాక్ట్ క్లీనరుతో, చిన్న బ్రష్‌తో తీయండి.

ప్లగ్గులో స్పార్క్ అసలు రాకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. సీడీఐ (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న ఈ బండ్లలో తాళం ఆఫ్ చేసినప్పుడు నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు ఎర్త్‌కు కలిసి ఇంజిన్ ఆగుతుంది. తాళం స్విచ్‌లో ఉప్పు, చెమ్మ చేరితే ఆన్‌లో ఉన్నా అది కలిసే ఉంటుంది. ఆ వైరు కనెక్టర్ విడదీసి కిక్కు కొట్టండి. స్పార్క్ వస్తే సీడీఐ, కాయిల్ బాగానే ఉన్నాయి, తప్పు తాళం స్విచ్‌ది. దీన్ని చూడకుండా సీడీఐ మార్చేసి డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. వైరు విడదీసి ఉన్నంతసేపు తాళంతో ఇంజిన్ ఆగదని గుర్తుంచుకోండి.

పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. ట్యాంకు అడుగు తుప్పు పట్టేది, పొద్దున్న స్టార్టింగ్ ఇబ్బంది వచ్చేది ఇందుకే. పాత రబ్బర్లు కూడా దీనికి ఉబ్బడమో, గట్టిపడి పగలడమో జరుగుతుంది. పెట్రోలు పైపు, కార్బొరేటర్ ఓ-రింగులు, నీడిల్ వాల్వు ఒకసారి కొత్తవి వేసుకోండి. కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు అడగండి.

నెలకోసారి ట్యాపు మూసి, కార్బొరేటర్ అడుగు డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. సీసా అడుగున వేరే పొర కనిపిస్తే నీరు. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు. అలాంటప్పుడు కార్బొరేటర్ జెట్లు (సన్నటి పెట్రోలు రంధ్రాలు) ఎన్నిసార్లు ఊదినా లాభం లేదు, ట్యాంకు దింపాలి. ట్యాపు విప్పి, పిడికెడు చిన్న నట్లు, లీటరు డీజిల్ పోసి బాగా ఊపి, శుభ్రంగా వచ్చేదాకా ఒంపండి. నట్లు లెక్కపెట్టి వేయండి, అన్నీ బయటికి రావాలి. రెండు నెలలకు మించి బండి పక్కన పెట్టేలా ఉంటే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి, ట్యాంకులో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి అన్ని గోడలకూ తగిలేలా తిప్పండి.

పాత టూ-స్ట్రోక్ ఎక్స్‌ఎల్‌కు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్. డబ్బాలో ముందు కలిపి పోయాలి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిబారి సైలెన్సర్ మూసుకుపోతుంది. ఎక్స్‌ఎల్ 100 ఫోర్-స్ట్రోక్, దాని పెట్రోలులో ఆయిల్ కలపకూడదు.

ఇంజిన్

ఆయిల్ 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. క్లచ్ ప్లేట్లు కూడా ఇదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కార్లకు వాడే ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. 2,500 నుంచి 3,000 కిలోమీటర్లకు మార్చండి. డిప్‌స్టిక్ చూసేటప్పుడు బండి డబుల్ స్టాండు మీద నిటారుగా ఉండాలి, స్టిక్ మరలో బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. డ్రెయిన్ బోల్టు 17 నంబరు పానాతో. మర అల్యూమినియంలో ఉంటుంది, బలంగా బిగిస్తే మర పోతుంది. వాషరు మార్చండి. పాత స్ప్లెండర్‌లో కాగితం ఆయిల్ ఫిల్టరు లేదు. జల్లెడ, తిరిగే గిన్నె మురికిని పడతాయి. కుడి కవరు విప్పినప్పుడల్లా రెండిటినీ డీజిల్‌తో కడిగించండి.

ఎయిర్ ఫిల్టరు స్పాంజిది అయితే డీజిల్‌లో కడిగి, పిండి, ఇంజిన్ ఆయిల్‌లో ముంచి మళ్లీ గట్టిగా పిండి పెట్టండి. కాగితం ఫిల్టరు కడగకూడదు.

యాక్సిలరేటర్ ఎత్తినంతసేపూ నీలిపొగ వస్తుంటే పిస్టన్ రింగులు పోయినట్టు, వదిలేసి మళ్లీ ఎత్తినప్పుడే వస్తుంటే వాల్వ్ సీళ్లు పోయినట్టు. కిక్కు తేలిగ్గా దిగుతుంటే ప్లగ్గు తీసి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్గు పెట్టి కొట్టండి. కిక్కు బరువెక్కితే రింగులు అరిగాయి. ఎక్కకపోతే వాల్వులు ఆనడం లేదు, ముందు ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచూపించండి. ఇవి తేల్చకుండా సిలిండర్ బోరు చేయించడానికి ఒప్పుకోకండి.

బండి నీట మునిగితే

2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ వంటి తుపాన్లు, వంశధార, నాగావళి వరదలు ఈ ప్రాంతానికి మామూలే. మునిగిన బండికి కిక్కు కొట్టకండి, గేరులో వేసి తోయకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

సముద్రపు నీటిలో మునిగితే ముందు మంచినీళ్లతో అంతా కడగాలి, ఆరబెట్టడం ఆ తర్వాతే. బ్యాటరీ వైర్లు విడదీయండి. ప్లగ్గు తీసి, కిక్కు రాడ్డును చేత్తో మెల్లగా నొక్కుతూ సిలిండర్ నీళ్లు బయటికి పంపండి. ఆయిల్ దింపండి. పాలు పోసిన టీలా ఉంటే నీరు కలిసింది. ట్యాంకు, కార్బొరేటర్, ఎయిర్ ఫిల్టరు పెట్టె ఖాళీ చేయాలి, సైలెన్సర్ విప్పి ఒంపాలి. ప్లగ్గు చిల్లులో చెంచా ఆయిల్ వేసి మళ్లీ మెల్లగా తిప్పండి. కొత్త ఆయిల్, కొత్త పెట్రోలు పోసి, ఆరబెట్టిన ప్లగ్గుతో స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టే నడిపి ఆయిల్ దించేయండి. తెల్లదనం పోయేదాకా రెండు మూడుసార్లు ఇలా మార్చాలి. వీటికి చవక ఆయిల్ చాలు, ఆఖరిసారి మంచిది పోయండి. డ్రమ్ములు విప్పి బురద తీసి, చక్రాల బేరింగులు మార్చించండి. ఇవన్నీ నీళ్లు తీసిన ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి. ఆలస్యమైతే రింగులు సిలిండర్‌కు, బేరింగులు ఇరుసుకు పట్టేస్తాయి.

కాగితాలు

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇన్సూరెన్సు, కాలుష్య సర్టిఫికెట్ గడువులో ఉండాలి. తనిఖీకి తీసుకెళ్లే ముందు హెడ్‌లైటు రెండు వెలుగులూ, బ్రేక్ లైటు, ఇండికేటర్లు, హారన్, రెండు బ్రేకులూ చూసుకోండి. చాసిస్ నంబరు మీది గ్రీసు తుడిచి, ఆర్‌సీలోని అంకెలతో ఒక్కొక్కటీ పోల్చి చూసుకుని బయలుదేరండి.