బొబ్బల జబ్బులు – 4వ పాఠం: ముక్క ఎక్కడ తీయాలి?

ఈ వారం చికిత్స మొదలుపెడదామనుకున్నాను. మీ జవాబులు చూశాక మానుకున్నాను. పెంఫిగస్ (శరీరం తన చర్మకణాల మీదే యాంటీబాడీలు తయారుచేసుకోవడంతో బొబ్బలు లేచే జబ్బు) అనుమానం ఉంటే ఇమ్యునోఫ్లోరిసెన్స్‌కి (యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపే పరీక్షకి) బయాప్సీ, అంటే చర్మం ముక్క, ఎక్కడ తీస్తారని అడిగితే, ఎక్కువమంది "పుండు మధ్యలో" అన్నారు.

పుండు మధ్యలో పైపొరే ఊడిపోయింది కదా! మనం వెతికేది కణాల మధ్య అంటుకున్న యాంటీబాడీలను. గోడ కూలిన చోట ఇటుకల మధ్య సున్నం ఏం దొరుకుతుంది? మామూలు హిస్టోపాథాలజీకి (మైక్రోస్కోపు కింద ముక్కను చూసే పరీక్షకి) కొత్తగా లేచిన చిన్న బొబ్బ, దాని అంచుతో సహా. ఇమ్యునోఫ్లోరిసెన్స్‌కి బొబ్బ పక్కనే, చూడ్డానికి బాగున్న చర్మం.

తర్వాత సీసా. మొదటిది ఫార్మలిన్‌లో, రెండోది యాంటీబాడీలు చెడకుండా ఉంచే మిషెల్ మీడియంలో. రెండో ముక్క ఫార్మలిన్‌లో పడిందా, ఆ పరీక్షకు ఇక పనికిరాదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నేనూ ఆ పని చేశాను. రెండోసారి బ్లేడు పట్టుకెళ్తే ఆ పెద్దావిడ "మళ్లీ కోస్తావా నాయనా?" అంది. అప్పట్నుంచి సీసాల మీద పేర్లు రాశాకే మత్తు సూది తీస్తాను. సిస్టర్ రాస్తుందిలే అనుకోవద్దు. మీరే రాయండి.

పెంఫిగస్ రకాలైన వల్గారిస్, ఫోలియేసియస్ రెండింట్లోనూ కణాల చుట్టూ చేపల వలలా ఐజీజీ అనే యాంటీబాడీ మెరుస్తుంది. పెంఫిగాయిడ్ అనే వేరే బొబ్బల జబ్బులో, చర్మం పైపొరకీ కింది పొరకీ మధ్యనుండే బేస్‌మెంట్ మెంబ్రేన్ వెంట ఒకే గీత. వల్గారిస్ చాలామందిలో నోట్లోనే మొదలవుతుంది. బొబ్బలు వదులుగా ఉండి ఇట్టే చితుకుతాయి. ఫోలియేసియస్ నోటి జోలికి పోదు. ముఖం, ఛాతీ, వీపు మీద పొట్టు, చెక్కులు. చుండ్రు జబ్బని నెలల తరబడి షాంపూలు రాసిస్తుంటారు. బ్రెజిల్ పల్లెల్లో కనిపించే ఫోగో సెల్వాజెమ్ దీని రూపమే. చంకల్లో, గజ్జల్లో గరుకుగా పెరిగితే వెజిటాన్స్ అనే రకం. పెదాలు, నోరు ఘోరంగా పుండై ఎంతకీ మానకపోతే లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) కోసం వెతకండి. ముసలివాళ్లలో దురదతో, గట్టి బొబ్బలు వస్తే పెంఫిగాయిడ్.

నికోల్‌స్కీ పరీక్ష (చర్మాన్ని వేలితో రుద్ది పైపొర జారుతుందేమో చూడటం) మీద నాకంత మోజు లేదు. ఒకసారి చాలు, వార్డులో పదిమందీ వరసగా రుద్దకండి. దానికన్నా జాంక్ స్మియర్ (బొబ్బ అడుగు గీకి కణాలను చూడటం) మేలు: గాజు పలక, జీమ్సా రంగు, గుండ్రంగా విడిపోయిన కణాలు. అయితే అది దారి చూపుతుందంతే, బయాప్సీ తప్పదు.

అభ్యాసం: 45 ఏళ్లావిడ. నాలుగు నెలలుగా నోటిపూత, బి కాంప్లెక్స్ మాత్రలు మింగుతూనే ఉంది. నిన్న వీపు మీద రెండు బొబ్బలు లేచాయి. ఏ రెండు చోట్ల ముక్కలు తీస్తారు, ఏ సీసాల్లో వేస్తారు, ఫారంలో ఏం రాస్తారు? డెస్మోగ్లీన్ 3 (కణాలను ఒకదానికొకటి అతికించే ప్రోటీన్) మీద యాంటీబాడీలు ముందే ఉంటే చర్మం ఇన్నాళ్లూ ఎందుకు ఆగింది? చివరిదానికి 2వ పాఠంలోని బొమ్మ చూడండి, చూడకుండా రాయొద్దు.